కంచె పక్కన నిలబడ్డ ఆమె

సుమా, మొన్న ఫోన్‌లో నువ్వు అడిగిన దానికి అప్పుడు చెప్పిన జవాబే ముందు మళ్లీ చెబుతాను. పూణేలో మీ ఇంటి ఎదురుగా ఎవరో ఒకతను రోజూ నిలబడి మీ కిటికీల వైపే చూస్తున్నాడని, ఏం చేయాలని అడిగావు. తలుపు గడియ పెట్టుకో. ఒక్కదానివే వెళ్లి నిలదీయకు. పక్కింటివాళ్లకు చెప్పు. తమ్ముడిని ఒంటరిగా కిందికి పంపకు. భయమేస్తే పోలీసులకు ఫోన్ చెయ్యి, మొహమాటపడకు. వాళ్లు అడిగినప్పుడు మాత్రం నువ్వు చూసిందెంతో అంతే చెప్పు. నువ్వు అనుకున్నది అందులో కలపకు.

మొన్న ఫోన్‌లో ఆ చివరి మాట దగ్గర ఆగిపోయాను. సిగ్నల్ పోయిందనుకుని హలో హలో అన్నావు. సిగ్నల్ పోలేదమ్మా. నువ్వు చంటిపిల్లగా ఉన్నప్పటి నుంచి నా గుండెల మీద ఒక బరువు ఉంది. మీ తాతయ్యకు చెప్పలేదు. ఆయన పోయేదాకా కూడా చెప్పలేదు. మీ అమ్మకు తెలియదు. రోజూ ప్రార్థనలో కళ్లు మూసుకుంటాను కదా, అప్పుడు కూడా దాని పక్క నుంచి తప్పుకుని పోతాను. ఎవరి దగ్గర దాస్తున్నానో నాకే అర్థం కాదు.

అప్పుడు మేము దుమ్ముగూడెం అవతలి పల్లెలో ఉండేవాళ్లం. తాతయ్యకు ఆనకట్ట దగ్గర డ్యూటీ. పొద్దున పోతే పొద్దు గూకాకే రావడం. మిరపకాయ కోతల కాలం వస్తే రాష్ట్ర సరిహద్దు అవతలి అడవి ఊళ్ల నుంచి కూలీలు గుంపులుగా వచ్చేవారు. పొలాల గట్ల మీద తాటాకులతో గుడిసెలు వేసుకుని కోతలయ్యేదాకా ఉండేవారు.

వాళ్లలో ఒకామె మా ఇంటి కంచె పక్కన నిలబడటం మొదలుపెట్టింది. చంకలో ఒక పిల్ల. మధ్యాహ్నం పూట వచ్చేది. మా వాకిట్లోకే చూస్తూ ఉండేది. కూర్చునేది కాదు, ఎవరినీ పిలిచేది కాదు. కాసేపటికి చూస్తే ఉండేది కాదు. మరునాడు మళ్లీ వచ్చేది. నాకు భయమేసింది. తలుపు గడియ పెట్టుకున్నాను, తాతయ్యకు చెప్పాను, చుట్టుపక్కల వాళ్లకూ చెప్పాను. అంతవరకు నా తప్పు లేదు. ఇంట్లో ఒంటరిగా ఉండే ఆడమనిషి భయపడటం తప్పు కాదు. కానీ పట్టపగలు, కంచెకు ఇవతల నుంచి, "ఎవరమ్మా నువ్వు, ఏం కావాలి?" అని ఒక్క మాట ఎందుకు అడగలేదు? అడిగితే ఏం పోయేది?

ఆ వారమే మా చర్చిలో కోతపండుగ. నీకు తెలుసు కదా, ఎవరి పంట వాళ్లు తెచ్చి దేవుని ముందు పెడతారు, తర్వాత ఆ పంటను వేలం పాట పెడతారు. ఆ ఏడాది మిరపకాయలు ఎక్కువ వచ్చాయి. ఇంకా పచ్చి ఆరలేదు. మా వాకిట్లో గచ్చు ఉందని, మరుసటి ఆదివారం పాట దాకా అక్కడే పట్టా పరిచి ఎండబెట్టారు. కాపలా నాది. నేను స్త్రీల సమాజానికి పెద్దను. సీరియళ్లు చూడటం వల్ల ఇళ్లు పాడవుతున్నాయని, ఆ సమయంలో బైబిలు వాక్యం చదువుకోమని ఆడవాళ్లందరికీ చెప్పేదాన్ని.

ఆ చెప్పే నేనే మధ్యాహ్నం పూట వెనక దారిన సరోజన ఇంటికి వెళ్లి సీరియల్ చూసేదాన్ని. సరోజన భర్త కరెంటు లైన్‌మన్. ఆ వరసలో టీవీ ఉన్నది వాళ్లకే. వాళ్లు మా చర్చివాళ్లు కాదు కాబట్టి మాట బయటికి రాదని నా ధైర్యం.

ఆ రోజు కూడా వెళ్లాను. సీరియల్ అయిపోయి వచ్చి చూస్తే గచ్చు ఖాళీ. మిరపకాయలు పట్టాతో సహా పోయాయి.

కబురు తెలిసి సంఘపెద్ద వచ్చాడు, ఆడవాళ్లు వచ్చారు, నేను ఎవరెవరికి సీరియళ్లు వద్దని చెప్పానో వాళ్లంతా వచ్చారు.  ఆ సమయానికి ఇంట్లో లేనని చెప్పాలంటే ఎక్కడికి పోయానో చెప్పాలి. అంతే కదా. అంత చిన్నదే కదా. దొంగతనం నేను చేయలేదు, టీవీ చూశాను. నవ్వేవారు, నాలుగు రోజులు ఎత్తిపొడిచేవారు, తర్వాత మరిచిపోయేవారు. ఇప్పుడు ఇంత సులువుగా తెలుస్తున్నది అప్పుడు ఎందుకు తెలియలేదు?

"అక్కా, నువ్వు ఇంట్లనే ఉంటివి గద, ఎవరన్న వచ్చిన్రా?" అన్నాడు సంఘపెద్ద.

"ఆమెనే. రోజూ కంచె కాడ నిలబడేటామె."

"కళ్లార చూసినవా?"

"చూసిన. లోపల బియ్యం ఏరుకుంటున్న, నేను బయటికొచ్చేసరికి మూట నెత్తిన పెట్టుకొని వాగు దిక్కు పోయింది."

నెత్తిన అని ఎందుకన్నాను? వాగు దిక్కు అని ఎందుకన్నాను? ఎవరూ అడగలేదు. బియ్యం కూడా నేనే కలిపాను. అబద్ధానికి అన్నీ కలిపితేనే అది నిలబడుతుందని నాకెవరు నేర్పారో తెలియదు. చెబుతున్నకొద్దీ నాకే ఆ మూట కళ్ల ముందు కనబడింది.

కూలీల మేస్త్రి ఆమెను చర్చి ముందుకు తీసుకొచ్చాడు. "ఉంగమ్మా, నిజం చెప్పు" అన్నాడు. అప్పుడే నాకు ఆమె పేరు తెలిసింది. ఎండ మండిపోతోంది, చంకలో పిల్లకు మాత్రం పైట కొంగు గట్టిగా చుట్టి ఉంది. ఆమెకు మన మాట అంతగా రాదు. మేస్త్రి వాళ్ల భాషలో ఏదో చెప్పాడు. ఆమె అందరినీ వదిలేసి నా వైపు తిరిగింది.

"నువ్వు సూసినవా అవ్వా?"

"అవ్" అన్నాను.

ఏడవలేదు. తిట్టలేదు. నేను ఇంకేమైనా అంటానేమోనని చూసి, పిల్ల మీది కొంగు సర్దుకుంది. గుడిసె వెతికారు. ఒక్క కాయ దొరకలేదు. ఎక్కడో దాచిందన్నారు. అక్క అబద్ధమాడే మనిషి కాదని నా గురించి అన్నారు. స్టేషన్‌కు పోదామని ఒకరంటే సంఘపెద్దే వద్దన్నాడు. ఆ రోజుల్లో అడవి అవతలి మనిషి స్టేషన్ గడప ఎక్కితే దొంగతనం ఒక్కటే అడగరని, నక్సలైట్ల సంగతీ లాగుతారని అందరికీ తెలుసు. పొమ్మంటే చాలన్నాడు. దాన్ని దయ అనుకున్నాం. ఆ సాయంత్రమే భార్యాభర్తలు గిన్నెలు మూట కట్టుకుని, పిల్లనెత్తుకుని గోదావరి వెంట రోడ్డు పట్టి పోయారు. నేను తలుపు సందు నుంచి చూశాను. ఆ చూడటం మాత్రం నిజం.

సరోజన మర్నాడు నీళ్ల కాడ కలిసింది.

"వదినా, నువ్వు ఆ టైముకు మా ఇంట్లనే ఉంటివి గద."

"మధ్యల లేచి పోయిన గద సరోజనా."

"పోయినవా? నాకు తెల్వకనే పోయినవా?" అని బిందె ఎత్తుకుంది. "గట్లనా. సరే తియ్."

ఎవరికీ చెప్పలేదు ఆమె. మళ్లీ నన్ను టీవీకీ పిలవలేదు.

ఇదంతా భయంలో నోరు జారడం అని సర్దిచెప్పుకోవచ్చు సుమా. చాలా ఏళ్లు సర్దిచెప్పుకున్నాను. నన్ను నిద్రపోనివ్వనిది దీని తర్వాతిది.

మా ఇంటికి అటువైపు, వాకిలి దాటితే, చిన్న ఆరోగ్య కేంద్రం ఉండేది. నర్సమ్మ ఒక్కతే. చుట్టూ ఊళ్లు తిరిగి వచ్చి తలుపు తీసేది, వేళంటూ లేదు. ఊళ్లో వాళ్లు తీసిందని తెలిశాక పోయేవారు. ఉంగమ్మ వాళ్లు వెళ్లిపోయిన రెండో రోజు నర్సమ్మ మా ఇంటికి వచ్చింది.

"అమ్మా, రోజూ మీ కంచె కాడ నిలబడే ఆమె వస్తలేదేంది? పాపకు ఇంకా సూదులు ఉన్నయి. జ్వరం తగ్గినట్టు కనబడ్తది గని మధ్యల ఆపితే పానం మీదికొస్తదని మరీ మరీ చెప్పిన."

అప్పుడు వెళ్లి కంచె పక్కన, ఆమె నిలబడే చోట నిలబడి చూడాల్సిన పని కూడా లేకపోయింది నాకు. అక్కడి నుంచి మా వాకిలి మీదుగా ఆరోగ్య కేంద్రం తలుపు కనిపిస్తుంది. ఆమె మా ఇల్లు చూడలేదు. ఆ తలుపు తీస్తారేమోనని చూసేది. నీడ ఉన్న చోటు అదొక్కటే.

"ఊరెళ్లిపోయిన్రట" అన్నాను.

"ఏ ఊరు? చెప్తే ఆడి నర్సుకు కబురు చేస్త."

నాకు ఊరు తెలియదు. మేస్త్రికి తెలుసు. మేస్త్రి పిలిస్తే వినబడేంత దూరంలో, పొలంలోనే ఉన్నాడు. అతన్ని అడగమని చెబితే చాలు. చెబితే ఎందుకు పోయారని నర్సమ్మ అడుగుతుంది, వాళ్లను వెనక్కి పిలుస్తారు, ఆమె మళ్లీ నా ఎదురుగా నిలబడి అదే ప్రశ్న అడుగుతుంది. ఇదంతా నాకు గుర్తుంది, ఒకదాని వెనక ఒకటి ఆలోచించాను. భయంలో కాదు. నెమ్మదిగా, తలుపుకు ఆనుకుని, ఆలోచించుకుని చెప్పాను.

"తెల్వదమ్మా."

మిరపకాయలు ఎవరు తీశారో ఈనాటికీ తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు. కోతపండుగకు ప్రతి ఏడూ పోతాను, నా వంతు పెడతాను. క్షమాపణ గురించి చర్చిలో అయ్యగారు చెబుతుంటే వింటాను. అది నా కోసం చెబుతున్నట్టు ఎన్నడూ అనిపించలేదు. నేను అడగాల్సింది ఆమెను కదా, ఆమె ఎక్కడుందో నాకే తెలియకుండా చేసుకున్నాను కదా. నువ్వు నన్ను మంచిదాన్నని అంటుంటావు. ఇకముందు ఇది కూడా తెలిసి అను, లేకపోతే మానెయ్యి. ఏదైనా ఫరవాలేదు. చెప్పేశాను. 

ఒకటి మిగిలింది. మరుసటి ఏడు కోతలకు మళ్లీ అదే మేస్త్రి వచ్చాడు. రోజుల తరబడి వెనకా ముందూ ఆడి, ఒకనాడు గట్టు దాకా పోయి అడిగాను.

"మేస్త్రీ, ఉంగమ్మ రాలేదా?"

"ఏ ఉంగమ్మ, అమ్మా? మా దాంట్ల నలుగురున్నరు ఆ పేరుతోని."

ఏ ఉంగమ్మో చెప్పాలంటే, దొంగతనం చేసిందని పంపించేశారే, ఆమె అనాలి. చంకలో పిల్లంటే చాలామందికి ఉండేది, వేరే గుర్తు నా దగ్గర లేదు. నా నోటితో ఆ మాట ఇంకోసారి అనలేకపోయాను. ఏం లేదులే అని తిరిగొచ్చేశాను.

ఆ పిల్లది నీ ఈడే. మిగిలిన సూదులు ఎక్కడైనా వేయించారా సుమా? ఆ పిల్ల బతికిందా?