మనశ్శాంతినిచ్చే ఆకుపచ్చ

గడ్డపార పట్టకుండా, ఉత్త రంగు డబ్బాలతో సొంత ఇంటిని కూల్చుకున్న మనిషిని మీరెక్కడా చూసి ఉండరు. ఆ ఘనుడిని నేనే. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు రంగేసి చూడు అని కూడా అని ఉంటే నేను బాగుపడేవాణ్ణి. పాపం, వాళ్ల కాలంలో సున్నం తప్ప ఏముంది!

మేము నల్గొండలో ఇల్లు కట్టుకున్న ఏడాదే మా నాన్నకు, అదే మా బాపుకు, కడుపులో ఆపరేషన్ అయింది. నకిరేకల్ అవతల మా ఊళ్లో గొర్రెల వెంట తిరుగుతూ, ఆకాశాన్నే ఇంటికప్పుగా భావించిన మనిషి. వారాల తరబడి దవాఖాన మంచం మీద పడుకొని సగమయ్యాడు. కోలుకునేదాకా మా ఇంట్లో ఉండమని బతిమాలితే, ఎలాగో ఒప్పుకున్నాడు.

ఇక నా తెలివి మొదలైంది. లేత ఆకుపచ్చ గోడలు, తెల్లటి పరదాలు ఉంటే ఇంట్లో మనశ్శాంతి వరదలా పారుతుందని ఫోన్‌లో ఎవరో చెప్పారు. నా భార్య సుజాత రంగు చూసి, "జర ఆలోచించుండ్రి. గీ రంగు నేనెక్కడనో చూసిన," అంది. నీకేం తెలుసని కసిరి, ఇల్లంతా అదే వేయించాను. అంతటితో ఆగితే నేను నేనెందుకవుతాను? బాపు సుఖంగా పడుకోవాలని తల వైపు పైకి లేచే ఇనుప మంచం కొన్నాను. దాని మీద తెల్ల దుప్పటి పరిచాను. ఆయన వచ్చే పొద్దున ఫినాయిల్‌తో ఇల్లంతా తుడిపించాను.

బాపు ఆటో దిగి గుమ్మంలో నిలబడ్డాడు. గోడలు చూశాడు, పరదాలు చూశాడు, వాసన పీల్చాడు. నేరుగా వెళ్లి మంచం మీద పడుకొని, అంగీ చేయి పైకి మడిచి చాపాడు.

"ఏమైంది బాపు?"

"సూది ఏయమను. ఇంటికి తోల్కపోతున్నవనుకున్న. ఇంకో దవాఖానకు తెచ్చినవ్."

ఇది మన ఇల్లే అని నేనెంత మొత్తుకున్నా నమ్మలేదు. కాసేపటికి నా చేయి పట్టుకొని మెల్లగా అడిగాడు. "నిజం చెప్పు బిడ్డా. రోగం ముదిరిందా?"

ఆయన అన్నం ముట్టలేదు. అసలే నేను చచ్చి సున్నమై ఉంటే, పాలు పోసే ఆయన గుమ్మంలో చెప్పులు విడిచి, బీపీ చూస్తారా అని అడిగాడు. మర్నాటికి బాపు తువ్వాలు భుజాన వేసుకొని ఊరికి బయలుదేరాడు. నేను తలుపుకు అడ్డం నిలబడి ఏడుపొక్కటే తక్కువగా చూస్తున్నాను.

అప్పుడు సుజాత రంగుల కార్డు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "మామా, నీకేది నచ్చితే గదే ఏద్దాం. జర చూడు."

బాపు తడుముకోలేదు. ముదురు ఎరుపు మీద వేలు పెట్టాడు. వేరేవాళ్ల మందలో కలిసిపోకుండా మా గొర్రెల వీపుల మీద పూసే రంగు అది.

"గిదేయుండ్రి," అన్నాడు. "మీరు యాడికి పోయినా తప్పిపోరు."

ఇప్పుడు మా హాల్లోకి వచ్చిన చుట్టాలు టీ కూడా కళ్లు మూసుకొనే తాగుతున్నారు. బాపు మాత్రం రెండు పూటలా కడుపునిండా తిని, గోడలు అదిరేలా గురక పెడుతున్నాడు. అందుచేత నేను ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో నా చొక్కా రంగు కూడా నేను ఎంచుకోను. సుజాత ఏదిస్తే అదే తొడుక్కుంటాను.