పాలగిన్నె దగ్గర ఆగిన బొమ్మ

వీడియో మిక్సింగ్ చేసేవాళ్ళకి దెయ్యాల మీదా మహత్యాల మీదా నమ్మకం కుదరడం కష్టం. తామరపువ్వులోంచి పెళ్ళికూతుర్ని పైకి తీసేది మేమే, పెళ్ళికొడుకుని మేఘాల మీద నడిపించేదీ మేమే. ఎవరైనా దెయ్యం కథ మొదలుపెడితే నవ్వు ఆపుకోలేకపోయేదాన్ని. ఇప్పుడు కూడా ఎవర్నీ నమ్మించాలని కాదు. జరిగింది జరిగినట్టు చెప్పి ఊరుకుంటాను.

క్యాసెట్లు పోయి సీడీలు వచ్చిన కొత్త రోజులవి. నరసాపురంలో మావారు పెళ్ళిళ్ళకి వీడియో తీసేవారు. ఇంట్లో ముందుగదిలో కూర్చుని మిక్సింగ్ నేను చేసేదాన్ని. మా కంప్యూటర్ అప్పటికే ముసలిదైపోయింది. ఒక్క పువ్వు ఎఫెక్ట్ వేస్తే చాలు, నేను లేచి కాఫీ పెట్టుకుని తాగొచ్చేదాకా కదిలేది కాదు.

మా వీధిలోనే ఉండే మాస్టారి కూతురు సుజాతకి పెళ్ళి కుదిరింది. వీడియో మాకే చెప్పారు. చెప్పడానికి మాస్టారు స్వయంగా వచ్చారు.

"మిగతాదంతా నీ ఇష్టం వచ్చినట్టు కత్తిరించుకోమ్మా. అప్పగింతలు మాత్రం ఒక్క ముక్క కూడా తీసెయ్యకు."

"మీరు ఏడ్చేదంతా ఉంచేస్తాను లెండి మాస్టారూ" అని ఆటపట్టించాను. ఆయన కూడా నవ్వారు.

పెళ్ళి దగ్గరపడ్డాక ఆయన ఉన్నట్టుండి పడిపోయారు. రాజమండ్రి ఆసుపత్రిలో చేర్చారు. ముహూర్తం మార్చడానికి వీల్లేదని పట్టుబట్టింది ఆయనే. కన్యాదానం ఆయన తమ్ముడు చేశారు. అప్పగింతల్లో సుజాత చేతులు పాలలో ముంచి అత్తగారి చేతుల్లో పెట్టిందీ ఆ తమ్ముడే.

పెళ్ళవగానే మాస్టారి భార్య సత్యవతిగారు మళ్ళీ ఆసుపత్రికి బయల్దేరారు. వెళ్తూ మా ఇంటికొచ్చి నా చేతులు పట్టుకున్నారు. "మనిషి రోజురోజుకీ నీరసించిపోతున్నారమ్మా. పిల్ల పెళ్ళి చూడాలని ఒకటే కలవరింత. తొందరగా చేసిపెట్టు" అన్నారు. ఆయన గదిలోకి టీవీ, సీడీ ప్లేయర్ తెచ్చుకోవడానికి డాక్టరుగారు ఒప్పుకున్నారట.

మిగతా పనులన్నీ పక్కనబెట్టి కూర్చున్నాను. పెళ్ళంతా ఎలాగో నెట్టుకొచ్చాను. అప్పగింతల్లో సుజాత చేతులు పాలగిన్నెలోంచి పైకి లేచేసరికి బొమ్మ ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేశాను. మళ్ళీ అక్కడే ఆగింది. అలంకారానికని గిన్నె పక్కన, తెర మూలగా రెండు చిలకల బొమ్మలు అంతకుముందే పెట్టి ఉన్నాను. వాటి బరువు ఎక్కువైందేమోనని తీసేశాను. అయినా కదల్లేదు. మావారు పాలకొల్లులో పెళ్ళికి వెళ్ళి ఉన్నారు. ఆ చిలకల్ని నేను తప్ప ఎవరూ చూడలేదు.

మర్నాడు సత్యవతిగారు ఆసుపత్రి దగ్గర్నుంచి ఫోన్ చేశారు.

"మీ కంప్యూటర్ ఆగిపోతోందా ఏంటమ్మా?"

"ఎవరు చెప్పారండి?"

"ఈయనే. పాలగిన్నె దగ్గర బొమ్మ ఆగిపోయింది, పిల్ల చెయ్యి అటు చేరట్లేదు అని పొద్దున్నుంచీ అదే మాట. మందుల మగతేమో అనుకున్నాను."

మావారు చెప్పి ఉంటారనుకుందామంటే ఆయన ఇంకా ఇంటికే రాలేదు. పెద్దాయన మనసులో ఉన్న బెంగ అలా బయటపడుతోందని సర్దిచెప్పుకున్నాను. భయం వేయలేదని మాత్రం అనను.

మావారు రాగానే ఇక ఈ కంప్యూటర్‌తో కాదని చెప్పేశాను. ఆయన దాన్ని దుప్పటిలో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని భీమవరం తీసుకెళ్ళారు. ర్యామ్ పెంచి, ప్రాసెసర్ మార్చి, పెద్ద హార్డ్ డిస్క్ వేయించి తెచ్చారు. అన్నాల వేళకి అన్నీ తగిలించి, నేరుగా అప్పగింతల దగ్గరికే వెళ్ళి నొక్కాను.

బొమ్మ కాలవ నీళ్ళలా సాగిపోయింది. పాలచుక్కలు ఒక్కొక్కటీ గిన్నెలోకి జారడం కనిపించింది. సుజాత చేతులు అత్తగారి చేతుల్లోకి చేరాయి. "వెళ్ళిందండీ!" అని వంటింట్లో ఉన్న మావారిని కేకేశాను. ఎందుకో కళ్ళమ్మట నీళ్ళొచ్చేశాయి.

సాయంత్రానికి సీడీ తయారైంది. మావారు అది పట్టుకుని బస్టాండుకి బయల్దేరుతుంటే ఫోన్ మోగింది. మాస్టారు పోయారు.

అంత చేసీ ఆయనకి అందించలేకపోయానని చాలా ఏడ్చాను. ఆ పెళ్ళి పనిని కంప్యూటర్‌లోంచి చెరపడానికి చేతులు రాక అలాగే ఉంచేశాను.

కొన్ని నెలలు గడిచాక సత్యవతిగారూ సుజాతా మా ఇంటికి వచ్చారు. వాళ్ళింట్లో ఆ సీడీ పెట్టుకుని చూసే ధైర్యం చాలట్లేదని, నా పక్కన కూర్చుని చూస్తామన్నారు. అప్పగింతలు వచ్చేసరికి సత్యవతిగారు ముందుకి వంగి తెర మూలకేసి వెతికారు.

"ఇక్కడ చిలకలుండాలి కదమ్మా?"

"ఏ చిలకలండి?" అన్నాను.

"గిన్నె పక్కన రెండు చిలకలు పెట్టింది, బాగున్నాయి, మళ్ళీ ఎందుకు తీసేసిందో అన్నారమ్మా ఆయన."

తర్వాత మిగతాది కూడా ఆవిడే చెప్పారు. చివరి రోజు మధ్యాహ్నం ఆవిడ క్యారేజీ విప్పుతుంటే మాస్టారు కళ్ళు తెరిచారట. ఎదుటి గోడకేసి చూస్తూ, "వెళ్ళింది" అన్నారట. ఎవరండీ అని అడిగితే, "మన పిల్ల. ఆగకుండా వెళ్ళింది" అని కళ్ళు మూసుకున్నారట. మళ్ళీ తెరవలేదు.

సుజాత అప్పటిదాకా దించిన తల ఎత్తలేదు. "అక్కా, ఆ కంప్యూటర్‌ని బాగు చేయించకపోతే నాన్న ఇంకా ఎదురుచూస్తూ ఉండేవారా?" అని అడిగింది. నన్ను తప్పుపడుతూ అడగలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"ఊరుకోవే. ఎన్నాళ్ళని ఎదురుచూడమంటావు ఆయన్ని?" అన్నారు సత్యవతిగారు. తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుని నావైపు తిరిగారు. "ఆ చిలకల్ని మళ్ళీ పెట్టమ్మా. ఆయన చూసిన పెళ్ళే మేమూ చూస్తాం."

పెట్టాను. బొమ్మ ఎక్కడా ఆగలేదు.

రాజమండ్రిలో మంచం మీదున్న మనిషికి మా ముందుగదిలోని తెర ఎలా కనిపించిందో నాకు తెలియదు. మావారు అప్పుడప్పుడూ ఏవో కారణాలు చెబుతారు, చిలకల దగ్గరికి వచ్చేసరికి ఆయనా ఊరుకుంటారు. సుజాత అడిగిన మాట మాత్రం నా మనసులోంచి పోలేదు. ఆ తర్వాత ఎన్నో కంప్యూటర్లు మారాయి. ఇప్పటికీ ఎక్కడైనా బొమ్మ ఆగిపోతే వెంటనే ఏ మీటా నొక్కను, కాసేపు అలాగే ఉండనిస్తాను.