చప్పుడున్న గది కావాలి

వీధి వీధంతా ఆవిడని పిన్ని అని పిలుస్తుంది, ఆయన్ని ఐసు బాబాయి అంటుంది. పిన్నిది కుట్టుపని. ముందుగదిలో మిషను పెట్టుకుని, కిటికీ తెరల దగ్గర్నుంచి పెళ్ళి బట్టల దాకా ఎవరేమిచ్చినా కుట్టిపెడుతుంది. బాబాయిది ఐసు ఫ్యాక్టరీ. నీళ్ళని గడ్డకట్టించడం, గడ్డకట్టినదాన్ని కరగకుండా కాపలా కాయడం, ముప్పై ఏళ్ళు ఆయన చేసిన ఉద్యోగం ఇదే. మనిషి మాత్రం వెన్నపూస. నాలుగు మంచి మాటలు చెబితే ఇట్టే కరిగిపోతాడు.

ఆ ఉద్యోగం ఆయనకో జబ్బు అంటగట్టింది. ఫ్యాక్టరీలో ఆయన మంచం కంప్రెసర్ పక్క గదిలో ఉండేది. అది గుర్రుమంటున్నంతసేపూ లోకం క్షేమంగా ఉన్నట్టు. ఆగిందంటే దిమ్మలన్నీ నీళ్ళపాలే. అందుకని చప్పుడుంటే హాయిగా నిద్రపోవడం, చప్పుడాగితే దిగ్గున లేచి మిషను దగ్గరికి పరిగెత్తడం ఆయనకి ఒంటబట్టిపోయాయి. రిటైరై ఇంట్లో పడుకోవాల్సి వచ్చేసరికి కన్ను మూతపడలేదు. చివరికి పాత ఫ్రిజ్జు ఒకటి పడగ్గదిలోకి లాక్కొచ్చి తలాపున పెట్టుకున్నాడు. అందులో పాలూ పెరుగూ ఉండవు, పిన్ని దారపుండలూ బొత్తాలూ ఉంటాయి. కొత్త చొక్కా తొడుక్కోగానే గుండెల మీద బొత్తాలు చల్లగా తగిలినవాళ్ళు ఆ వీధిలో చాలామందే ఉన్నారు.

ఆ ఫ్రిజ్జు లేని చోట ఆయనతో వేగడం మహా కష్టం. ఒకసారి పిన్ని తమ్ముడు కొత్త ఇల్లు కట్టుకుని రమ్మంటే వెళ్ళారు. భోజనాలయ్యాక అందరూ కాసేపు నడుం వాల్చారు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. పిన్ని లేచి చూసేసరికి బాబాయి స్టూలెక్కి బావమరిది ఇంటి మీటరు పెట్టె విప్పి, తీగలన్నీ బయటికి లాగి, ఏది చెడిపోయిందా అని వెతుకుతున్నాడు. చెడిపోయింది ఏదీ లేదు. ఆయన చెయ్యి పెట్టాక మాత్రం అన్నీ చెడిపోయాయి. తమ్ముడు మళ్ళీ రమ్మనలేదు.

పిన్ని కంప్రెసర్‌ని సవతి అనేది. నవ్వుతూనే అనేది గానీ, ఆ నవ్వు వెనక కడుపుమంట కూడా ఉండేది. పిల్లలకి జ్వరమొచ్చినా, తనకే ఒంట్లో బాగోకపోయినా, ఫ్యాక్టరీ నుంచి కబురొస్తే చాలు, ఆయన భుజాన తువ్వాలేసుకుని వెళ్ళిపోయేవాడు. ఐసు కరుగుతుందే అనేవాడు. పిన్ని ఏమైపోతుందో ఎప్పుడూ అడగలేదు.

పిన్ని చెల్లెలి కూతురు ఒక ట్రావెల్స్ ఆఫీసులో పనిచేస్తుంది. ఆ ఆఫీసు కిటికీలకి తెరలు కుట్టి ఇవ్వడానికి వెళ్ళిన రోజున పిన్ని గోడమీద బొమ్మ చూసింది. తెల్లటి ఓడ, దాని వెనక సముద్రంలో తేలుతున్న ఐసు కొండ. తెర తగిలించడం మర్చిపోయి అలాగే నిలబడిపోయింది.

"ఈ ఐసుకి మిషను ఎక్కడుంటుందమ్మా?" అని అడిగింది.

"మిషనేమిటి పెద్దమ్మా, దానంతట అదే ఉంటుంది. అక్కడ అంత చలి."

"కాపలా?"

"ఎవరూ ఉండరు."

ఆ మాట పిన్ని మనసులో నాటుకుపోయింది. ఎవరూ చూసుకోనక్కర్లేని ఐసు. దాని ముందు ఈ మనిషిని తీసుకెళ్ళి నిలబెట్టాలి. అప్పుడైనా ఏ పనీ లేకుండా, ఊరికే, తన పక్కన నిలబడతాడా లేదా చూడాలి. ఆవిడకి ఓడ సరదా అంతంతమాత్రమే. ఇది తేల్చుకోవాలని మాత్రం గట్టిగా అనుకుంది.

బాబాయి విని పకపకా నవ్వాడు. "ఐసు చూడ్డానికి ఓడెక్కాలా? పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఇందుకే అన్నారు. ఫ్యాక్టరీకి పద, కావలసినంత చూపిస్తా."

పిన్ని రెండు పూటలు మాట్లాడ్డం మానేసింది. మూడో పూటకి బాబాయి కరిగిపోయాడు. అయితే ఒక షరతు పెట్టాడు. ఓడ బయల్దేరేది దూరాన ఉన్న రేవు నుంచి. ముందురోజే వెళ్ళి హోటల్లో దిగాలి. "ఓడలో ఇంజను ఉంటుంది, దిగుల్లేదు. హోటల్లోనే నా భయం. అక్కడ నిద్ర పట్టకపోతే మాత్రం పొద్దున్నే మొదటి బస్సెక్కి ఇంటికొచ్చేస్తా. ఓడ నువ్వెక్కు," అన్నాడు. అన్నంత పనీ చేస్తాడని పిన్నికి తెలుసు.

ఇక ఆవిడ కోట్లు కుట్టడం మొదలుపెట్టింది. ముప్పై ఏళ్ళు ఐసు గడ్డకట్టే ఉప్పునీటి తొట్ల మధ్య పొట్టిచేతుల బనీనుతో తిరిగినవాణ్ణి, చలి నాకు చుట్టం, నాకు కోటెందుకు అని బాబాయి మొరాయించాడు. పిన్ని వినలేదు. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కలిపి మందంగా కుట్టేసింది. తొడుక్కున్నాక ఆయన చుట్టిన పరుపులా తయారయ్యాడు. చేతులు కిందికి దిగలేదు. గుమ్మంలోంచి పక్కకి తిరిగి నడవాల్సి వచ్చింది.

హోటలు వెతకడం మాత్రం కోటు కుట్టినంత తేలిక కాలేదు. చెల్లెలి కూతురు ఆఫీసు ఫోను దగ్గర కూర్చుని నంబర్లు కలిపేది, మాట్లాడ్డం పిన్ని వంతు, ఒప్పుకోవడం పక్కన కూర్చున్న బాబాయి వంతు.

"మీ గదుల్లో చప్పుడు ఎలా ఉంటుందండీ?"

"అస్సలుండదు మేడం. సూది పడినా వినిపిస్తుంది."

"అయితే వద్దులెండి," అని పెట్టేసేది.

ఒక హోటలు రైలు పట్టాల పక్కన ఉంది. పిన్నికి ఆశపుట్టింది గానీ బాబాయి తల అడ్డంగా ఊపాడు. "రైలు వస్తుంది, పోతుంది. వచ్చిపోయే చప్పుడుతో కాపురం చెయ్యలేం." ఇంకొకటి సముద్రానికి ఎదురుగా ఉంది, కిటికీ తీస్తే అలల హోరు. దానికీ ఒప్పుకోలేదు. "ఒక అలకీ ఇంకో అలకీ మధ్య ఖాళీ ఉంటుందే. ఆ ఖాళీలో నాకు మెలకువ వచ్చేస్తుంది." తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం ఆయన. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని చెల్లెలి కూతురు తల పట్టుకుంది.

ఆఖరికి రేవు వెనక సందులో ఒక పాత హోటలు దొరికింది. దాని మేనేజరు నిజాయితీపరుడు. "ఒక్క గదే ఖాళీగా ఉందమ్మా, కానీ దాన్ని మేము ఎవరికీ ఇవ్వం. సరిగ్గా దాని కింద మా వంటింటి చేపలు దాచే కోల్డు రూము ఉంది. దాని కంప్రెసర్ రాత్రీ పగలూ గురగురలాడుతూనే ఉంటుంది. దిగినవాళ్ళంతా దెబ్బలాడి వెళ్ళిపోయారు," అన్నాడు.

పిన్ని ఫోను రెండు చేతులతో పట్టుకుంది. "మధ్యలో ఆగుతుందా?"

"ఆగితే బాగుండునని వాళ్ళు దండాలు పెట్టారమ్మా. ఆగదు."

"అయితే అదే గది మాకివ్వండి."

మేనేజరు మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఉంటే ఫోనివ్వమన్నాడు.

ఆ గదిలోకి అడుగుపెట్టగానే బాబాయి మొహం విప్పారింది. నేల సన్నగా అదురుతోంది. బల్లమీద గాజుగ్లాసు తనంతట తనే నడుస్తోంది. ఆయన చెప్పులు విడిచి, కాసేపు అరికాళ్ళతో ఆ అదురు విని, "పాత మిషనే గానీ మంచి జాతిది," అన్నాడు. పడుకున్నాడు. అంతే. పిన్ని మాత్రం దిండు చెవులకి అదుముకుని తెల్లవార్లూ జాగారం చేసింది. పర్వాలేదు, ఆయన పడుకున్నాడు, గండం గడిచింది అనుకుంది.

గండం అసలు పొద్దున మొదలైంది. పిన్ని స్నానం చేసి, పెట్టెలు సర్ది, కోటు తొడుక్కుని పిలిచింది. బాబాయి కదల్లేదు. రిటైరయ్యాక ఆ పాత ఫ్రిజ్జు మిగిల్చిన నిద్ర బాకీ అంతా ఆయన ఇప్పుడు వడ్డీతో సహా తీర్చుకుంటున్నాడు. కుదిపింది. గిల్లింది. చెవి దగ్గర గిన్నె మోగించింది. చప్పుడు పెరిగేకొద్దీ ఆయన ఇంకా హాయిగా నవ్వుతూ పడుకున్నాడు. మొహం మీద చన్నీళ్ళు కొట్టింది, ముప్పై ఏళ్ళ ఐసు ముందు అదేపాటి. కుంభకర్ణుడే నయం, వాడు ఏనుగులు తొక్కితే లేచాడు. కిటికీలోంచి చూస్తే తెల్లటి ఓడ కనిపిస్తోంది, జనం వరసకట్టి ఎక్కుతున్నారు. మధ్యాహ్నం లోపల గేటు మూసేస్తారు.

పిన్ని కోటుతోనే మెట్లు దిగి మేనేజరు ముందు నిలబడింది.

"మీ కంప్రెసర్ కాసేపు ఆపండి."

"నిన్న చప్పుడు కోసం ఏరికోరి తీసుకున్నది మీరే కదమ్మా."

"నిన్న కావాలి. ఇప్పుడొద్దు."

"లోపల చేపలున్నాయి. ఆపితే చచ్చి ఊరుకుంటాయి."

"అవి ఎప్పుడో చచ్చాయి బాబూ. ఐసు ఫ్యాక్టరీ ఆయనతో ముప్పై ఏళ్ళు కాపురం చేశాను, కాసేపటికి చేపకేమీ కాదని నాకు తెలుసు. ఆపకపోతే నా కాపురానికే అవుతుంది."

మేనేజరు కోల్డు రూము వెనక ఉన్న మిషను గదిలోకి తీసుకెళ్ళి మీట కిందికి దించాడు. గురగుర తగ్గింది, రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. హోటలంతా ఊపిరి బిగబట్టినట్టయింది. పైన ధబ్బున చప్పుడు. తర్వాత మెట్ల మీద అడుగులు.

ఇప్పుడొస్తాడు, పిన్ని అనుకుంది. వచ్చి మిషను మీద పడతాడు, బెల్టు పట్టుకుని చూస్తాడు, నూనె చూస్తాడు, ఇక ఓడా లేదు పాడూ లేదు. ఆవిడ పనివాళ్ళకి అడ్డం కాకూడదన్నట్టు మిషను వెనక గోడకి ఆనుకుని ఒదిగి నిలబడింది. అలా ఒదిగి నిలబడ్డం ఆవిడకి బాగా అలవాటు.

బాబాయి బనీను మీద కోటు సగం తొడుక్కుని, ఒక కాలికే చెప్పుతో వచ్చాడు. మిషను ఆయనకి జానెడు దూరంలో ఉంది. ఆయన దాని వైపు చూడలేదు. దాన్ని దాటుకుని మేనేజరు దగ్గరికెళ్ళి, "మా ఆవిణ్ణి చూశారా?" అని అడిగాడు.

పిన్ని మిషను వెనకనుంచి మెల్లగా బయటికొచ్చింది.

"మిషను ఆగిందండీ," అంది.

"ఆగితే ఆగింది, ఎవరో చూసుకుంటారు. లేచి చూస్తే పక్కన నువ్వు లేవు. పెట్టెలున్నాయి, నువ్వు లేవు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదే," అన్నాడు బాబాయి. అని పిన్ని చెయ్యి పట్టుకున్నాడు.

మేనేజరు మొహం పక్కకి తిప్పుకుని మీట పైకెత్తాడు. కంప్రెసర్ మళ్ళీ గురగుర మొదలుపెట్టింది. ఆ వెంటనే బాబాయి పెద్దగా ఆవులించాడు. పిన్ని గాభరాపడి ఆయన్ని నిలబెట్టి వీధిలోకి లాక్కెళ్ళింది. పెట్టెలు మేనేజరే మోసుకొచ్చాడు, రెండో చెప్పు మాత్రం ఎక్కడా కనపడలేదు.

ఓడ గేటు దగ్గర టిక్కెట్లు చూపించమన్నారు. టిక్కెట్లు బాబాయి కోటు కుడిజేబులో ఉన్నాయి. బాబాయి ఎడమచేత్తో ఆ దుప్పటి కోటంతా తిరగేసుకుంటూ, వెనక వరసలో ఉన్నవాళ్ళు విసుక్కుంటుంటే, చాలాసేపు తంటాలు పడ్డాడు. ఆయన కుడిచెయ్యి పిన్ని వదల్లేదు.