మా మేనత్త, ఆయిల్ కారే కారు

మా మేనత్త పోయిందని బాపు ఫోన్ చేసినప్పుడు నేను స్కూలు పిల్లల్ని దింపి, వ్యాన్ పక్కకు ఆపి నీళ్లు తాగుతున్నాను. "అక్క పోయింది బిడ్డా" అని ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అది తగ్గాక నిదానంగా రాద్దామని ఆగాను. తగ్గేటట్టు లేదు. అందుకే ఇలాగే రాస్తున్నాను.

ఛత్రినాకలో మా వీధి చివరి ఇల్లు ఆమెది. దినం రోజు ఆ ఇంటి ముందు షామియానా కింద కూర్చున్నవాళ్లంతా ఒకటే మాట. "మస్తు నెమ్మదస్తురాలు. ఎవ్వరి మాట కాదనలే." బాపు కూడా తల ఊపాడు. నేను గ్లాసు కింద పెట్టి లేచాను.

"ఎవరి గురించి చెప్తున్నరు? మా అత్త అందరి మాట కాదన్నది. మీ మాట గూడ."

అమ్మ నా చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. అక్కడ చెప్పనివ్వనిదే ఇక్కడ చెబుతున్నాను.

మామయ్య సర్కారు నౌకరీలో ఉండగానే పోయాడు. ఆ ఆఫీసులోనే అత్తకు ఉద్యోగం ఇచ్చారు. ఏళ్ల తరబడి బస్సుల్లో వేలాడి విసిగిపోయి, ఒకరోజు ఎవరినీ అడక్కుండా ఒక చిన్న కారు కొనుక్కొచ్చింది. అప్పటికే అది ఒకరు వాడిన బండి. "ఒక్కదానివి, నీకు కారెందుకక్కా?" అన్నాడు బాపు. "ఒక్కదాన్నే గదా, అందుకే చిన్నది కొన్న" అన్నది అత్త.

ఆమె నెమ్మదస్తురాలు ఎంత మాత్రం కాదు. చార్మినార్ వైపు పోతుంటే వెనక ఎవడైనా ఊరికే హారన్ కొడితే, అద్దం దించి తల బయటపెట్టి అరిచేది. "ఎందుకురా లొల్లి? మీ తాత నా బండి ముందట పండుకున్నడా?" అదే నోటితో నాకు డ్రైవింగ్ నేర్పింది. క్లచ్ సరిగా వదలకపోతే మోచేతి మీద ఒక్కటి పడేది. నేనివాళ వ్యాన్ నడుపుకుని బతుకుతున్నానంటే ఆ దెబ్బల పుణ్యమే. పెళ్లి సంబంధాల వాళ్లు వస్తారు, ఆడపిల్ల స్టీరింగ్ పడితే ఏమనుకుంటారని బాపు అంటే, "అనుకునేటోళ్లను నడుచుకుంట రమ్మను" అన్నది.

రిటైరయ్యాక ఆ కారుకు పని ఇంకా ఎక్కువైంది. పక్కింటి ముసలామెకు, మేమంతా ఖాలా అని పిలిచే ఆమెకు, కిడ్నీలు చెడిపోయి డయాలసిస్ మొదలైంది. కొడుకులు పొద్దున్నే పనులకు పోతారు. అత్తే తీసుకుపోయేది, అయ్యేదాకా అక్కడే కూర్చుని మళ్లీ తీసుకొచ్చేది. కారు ముసలిదైంది, అత్తా ముసలిదైంది. ఒక రోజు బండి కింద నల్లటి మరక కనబడింది. ఆయిల్ లీకవుతోంది.

ఒక మెకానిక్ కింద ఆయిల్ దింపే బోల్టు దగ్గర వాషర్ మార్చాడు. లీకు ఆగలేదు. ఇంకొకతను ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ ట్యాంకు గాస్కెట్ మార్చాడు. అయినా ఆగలేదు. మూడో అతను కింద దూరి చూసి, "వెనక సీలు పోయిందమ్మా, గేర్‌బాక్సు మొత్తం దించాలె" అన్నాడు. ఎదురింటివాళ్లు వాకిలి పాడవుతుందని గొడవ. పాత ఇనుముకు వేసెయ్యమని బాపు రోజూ అదే పాట.

అత్తకు పట్టరాని కోపం వచ్చింది. "కింద పడ్డది అందరికీ కనబడుతది. ఎక్కడికెళ్లి వస్తున్నదో ఒక్కడన్న చూసిండా?" అని, చీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకుని బానెట్ ఎత్తింది.

ఇంజన్ చల్లారాక డీజిలూ బ్రష్షూ పెట్టి దాన్ని కడగడానికి మాకు ఒక పూట పట్టింది. ఏళ్ల నాటి జిడ్డు. "ముందుగాల కడుగు, తర్వాత చూడు. మురికి మీద చూస్తే అంతా లీకే అనిపిస్తది" అనేది. నేను తొందరపడి ఒక మూల వదిలేస్తే మళ్లీ కడిగించింది. బాగా ఆరాక, మొహానికి రాసుకునే పౌడర్ డబ్బా తెచ్చి ఇంజన్ మీదంతా చల్లింది. వీధిలో వాళ్లు నవ్వారు. "పెండ్లికి తయారు చేస్తున్నవా?" అని ఎవరో అన్నారు. ఆమె పట్టించుకోలేదు. బండిని ఫలక్‌నుమా స్టేషన్ దాకా నడిపి వచ్చి, టార్చి పట్టుకుని వంగి చూశాం.

తెల్లటి పౌడర్ మీద ఒక నల్లటి గీత. ఇంజన్ మీది మూతకు వెనక మూల నుంచి మొదలై, వెనకవైపుగా కిందిదాకా జారింది. పైన కారుతున్నది కింద నుంచి పడుతున్నట్టు అందరినీ మోసం చేసింది.

మూత విప్పితే దాని కింది రబ్బరు గాస్కెట్ గట్టిపడిపోయి, చేతిలో అప్పడంలా విరిగింది. కొత్తది తెచ్చి వేశాం. లీకు ఆగిందనుకున్నాం. రెండు రోజులకే మళ్లీ మరక. అత్త స్పానర్ తీసి గోడకేసి కొట్టింది. తెల్లారి తనే విప్పి చూసింది. కోపం కొద్దీ బోల్టులు మరీ బిగించడంతో రబ్బరు ఒక పక్కకు నలిగిపోయింది. ఈసారి నడుమ నుంచి మొదలుపెట్టి అంచులకు పోతూ, కొద్దికొద్దిగా బిగించింది. "నా కోపమంత దీని మీద చూపిస్తే ఎట్ల?" అని తనలో తనే గొణుక్కుంది. ఆ తర్వాత ఒక్క చుక్క పడలేదు. ఖాలా ముందు సీట్లో కూర్చుని, "అబ్ దేఖో, మన గాడీ ఎంత సాఫ్!" అని మురిసిపోయేది.

పోయిన ఎండాకాలం అత్తకు గుండెలో నొప్పి వచ్చింది. దవాఖానలో ఉంచారు. బాగై ఇంటికొచ్చిన రోజు ఆటో దిగి, గేటు దగ్గరే ఆగిపోయింది. కారు ఉండే జాగా ఖాళీగా ఉంది.

"తమ్మీ, బండేది?"

"ఇచ్చేసిన అక్కా. పాత ఇనుమోళ్లకు. నువ్వింక నడుపలేవు. నీ మంచికే."

"నన్ను అడిగినవా?"

"నువ్వు దవాఖానల ఉంటివి."

"దవాఖానల ఉన్న తమ్మీ. సచ్చిపోలే."

ఆమె బాపుతో మాట్లాడిన చివరి మాట అదే. ఆ తర్వాత బాపు రోజూ అన్నం తెచ్చి గుమ్మంలో కూర్చునేవాడు. ఆమె డబ్బా తీసుకునేది, తినేది, మొహం చూసేది కాదు. బాపు భయపడ్డాడు, నాకు తెలుసు. ఎక్కడో రోడ్డు మీద స్టీరింగ్ పట్టుకుని ఉండగానే ప్రాణం పోతుందేమోనని. ఆ భయం నిజమే. కానీ భయపడినవాడు అడగాలి, అడిగి తిట్లు తినాలి. మంచంలో ఉన్న మనిషిని చూసి వస్తువు ఎత్తుకుపోవడాన్ని మంచి అనరు. ఖాలా అయితే గోడ మీంచే అరిచింది. "నన్ను గూడ అడగాలె గదా భాయ్! అది నా గాడీ భీ!"

కొద్ది రోజులకు అత్త నన్ను పిలిచింది. "నన్ను ఆడికి తీస్కపో." ఎక్కడికని నేను అడగలేదు. ఆటోలో ఫలక్‌నుమా అవతల పాత బండ్లు విప్పే షెడ్డుకు వెళ్లాం. కారు తలుపులు అప్పటికే పోయాయి. ఇంజన్ బయటికి తీసి, ఒక పాత టైరు మీద నిలబెట్టారు. అత్త మెల్లగా వంగి, తన తెల్ల చీర కొంగుతో మూత అంచు వెంట చుట్టూ తుడిచి నాకు చూపించింది. దుమ్ము తప్ప ఏమీ అంటలేదు.

"చూడు. పొడిగుంది."

షెడ్డు అతను దగ్గరికొచ్చాడు. "మంచి ఇంజన్ అమ్మా. దీన్ని విప్పం. ఇంకో బండిల ఎక్కిస్తం."

"ఎక్కిస్తే ఎక్కియ్యిండ్రి. మూత బోల్టులు మాత్రం గుంజి బిగియ్యకుండ్రి. నడుమకెళ్లి షురూ చెయ్యుండ్రి" అన్నది అత్త, అతన్నీ కసురుకుంటున్నట్టే. అతను సరేనమ్మా అని తల ఊపాడు.

తర్వాత ఆమె ఎక్కువ రోజులు లేదు. నిద్రలోనే పోయింది. నెమ్మదిగా పోయిందని అంటున్నారు. పోవడం నెమ్మదిగానేమో, ఆమె కాదు. ఆమెను మంచిదని పొగిడి పొగిడి చప్పగా చెయ్యకండి. నాకు తెలిసిన మేనత్త కోపిష్టి, ఆ కోపానికి నేను జన్మంతా రుణపడి ఉంటాను.

ఆ రోజు షెడ్డు నుంచి మేమిద్దరం ఆటోలోనే తిరిగొచ్చాం. రోడ్డంతా రద్దీ. ఆటో అతను కుర్రతనం కొద్దీ సందుల్లో దూరిస్తున్నాడు. అత్త బయటికే చూస్తోంది. నేను కిందికి చూశాను. ముందు బస్సు ఆగినప్పుడల్లా, ఎవరైనా అడ్డం వచ్చినప్పుడల్లా, ఆమె కుడికాలు చెప్పుతో సహా ఆటో రేకును గట్టిగా తొక్కుతోంది, లేని బ్రేకును వెతుక్కుంటూ.