ఆ పెద్దాయన చివరి సీను
ఐటీ జోరుగా ఉన్న రోజుల్లో ఫిల్మ్‌నగర్‌లోని ఓ గ్రాఫిక్స్ స్టూడియోలో సర్వర్లు చూసేదాన్ని. ఒక మధ్యాహ్నం మేం పనిచేస్తున్న సినిమా ఫ్రేములేవీ తెరుచుకోలేదు. షూటింగ్ ముగిసిన వారానికే పోయిన ఓ పెద్ద నటుడి చివరి సీను వాటిలోనే ఉంది.

“ఆయన మళ్ళీ వచ్చి నటించలేరు కదమ్మా,” అన్నారు డైరెక్టర్‌గారు. నేను సర్వర్ల గదికి పరిగెత్తాను.

ఫ్రేములు పది మెషీన్లలో క్షేమంగానే ఉన్నాయి. లక్షల ఫ్రేముల్లో ఏది ఎక్కడుందో గుర్తుంచుకునే ఒక్క మెషీన్ మెమరీ చాలక ఆగిపోయింది.

“వేరే సర్వర్ల ర్యామ్ తీసి దీంట్ల పెడదాం మేడం,” అన్నాడు నాతో పనిచేసే యాదగిరి. పెట్టాం. గంటసేపు నేను మొక్కని దేవుడు లేడు. చివరికది లేచింది. అది గుర్తుంచుకోవాల్సిన ఫైళ్ళు తగ్గి, మెమరీ మళ్ళీ నిండకుండా, వందేసి ఫ్రేములను ఒక్కో ఫైలుగా కలిపేశాం.

తెర మీద పెద్దాయన నవ్వుతుంటే డైరెక్టర్‌గారు నాకు దండం పెట్టారు. మెమరీ నిండుతోందని నెల్లాళ్ళుగా వచ్చిన హెచ్చరికలను పట్టించుకోనిది నేనేనని ఆయనకు చెప్పలేకపోయాను.