నేలకు సాక్ష్యం

హెస్టర్ థాక్రా చేతులు చీటీల అంచులు సరిచేసి కుప్పలు పెడుతున్నాయి. అన్నిటి మీదా ఒకటే ఇంగ్లీషు మాట: శాడ్. ఎవరు, ఏ పుస్తకంలో, ఏ ఏడు ఆ మాట వాడారో ఒక్కో చీటీ ఒక్కో సాక్ష్యం. దుఃఖంలో ఉన్న మనిషిది పెద్ద కుప్ప. పొంగక ముద్దగా మిగిలిన రొట్టెది వేరే కుప్ప. ముదురు రంగు గుడ్డ, బరువైన ఇస్త్రీపెట్టె, నిలకడ గల మనిషి, అన్నిటికీ ఆ మాటే. పదకొండేళ్లుగా మా నిఘంటువు గదిలో ఆమె పని ఇదే. చదువు ఊరి బడితో ఆగింది. ఆమె చీటీ తప్పు కుప్పలో వేయడం మాత్రం ఎవరూ చూడలేదు.

చివరి కుప్ప చిన్నది: గట్టిపడిన నేల. అందులో ఆఖరి చీటీ మూడు వందల ఏళ్ల నాటిది. ఆ అర్థం వాడుకలో చచ్చిందని చెప్పే సిలువ గుర్తు దాని పక్కన వేయమన్నాడు సంపాదకుడు లమ్లీ.

"చావలేదండీ," అంది హెస్టర్. "కొత్త సమాధి మీద రాయి పెట్టమని ఎవరైనా తొందరపెడితే, 'ఉండండర్రా, నేల ఇంకా శాడ్ కాలేదు, రాయి ఒరిగితే నన్నే తిడతారు' అంటాడు మా నాన్న."

"మీ నాన్న గోతులు తవ్వుతాడమ్మా, పుస్తకాలు అచ్చేయడు కదా."

"అచ్చేసేవాళ్ల గోతులూ ఆయనే తవ్వుతాడండీ."

లమ్లీ నవ్వాడు గాని మెత్తబడలేదు. "ఈ కాలపు అచ్చులో ఒక్క వాక్యం చూపించు, సిలువ తీసేస్తా. ప్రెస్సు మనిషి నాలుగింటికి వస్తాడు."

నీ మాట పుస్తకంలోకి ఎక్కుతోందని ఆమె పోయిన ఆదివారమే తండ్రికి చెప్పింది. ముసలాయన చర్చిలో లాగా టోపీ తీశాడు.

రైతుల పంచాంగాలు, చర్చి పత్రికలు, పాత వార్తాపత్రికలు అన్నీ వెతికింది. ఎక్కడా లేదు. మూడున్నరకు ఖాళీ చీటీ తీసుకుని తండ్రి మాట రాసింది. కింద ఒక చర్చి పత్రిక పేరు, పేజీ అంకె వేసింది. ఆమె తెచ్చిన చీటీని లమ్లీ సరిచూడడు. పదకొండేళ్లలో ఒక్కసారీ చూడలేదు.

దాన్ని కుప్ప మీద పెట్టింది. దాని కింద ఉన్నవి ముక్కూ మొహం తెలియని ఏడుగురు జీతం లేకుండా, పుస్తకాల్లోంచి అక్షరం పొల్లుపోకుండా ఎత్తిరాసి పంపిన చీటీలు. కాసేపు చూసి, తన చీటీ తీసి నాలుగు ముక్కలు చేసింది.

కొలబద్ద పెట్టి ఆ అర్థం పక్కన సిలువ గీసింది. కుప్పలన్నీ వరసగా పేర్చి దారంతో కట్టింది. ప్రెస్సు మనిషి క్రౌథర్ వచ్చి చేతులు చాపాడు.

"అయిపోయిందా హెస్టరమ్మా?"

"అయిపోయింది. తీసుకెళ్లు," అని కట్ట అతని చేతుల్లో పెట్టింది.