మా ఏరాలి కెమెరాలో లేని బిళ్ళ

ఆ పీట ఇటు జరుపుకుని కూర్చోండి. ఇంకొంచెం దగ్గరికి. ఇది గొంతెత్తి చెప్పుకునే ముచ్చట కాదు, మా ఏరాలు గోడ అవతలే ఉంటుంది. ఏరాలంటే మా మరిది భార్య, నా తోడికోడలు. చెవి ఇటు పెట్టి వినండి.

ముందు నా సంగతి చెప్పాలి. ఐదో తరగతితో నా చదువు అయిపోయింది. పెళ్ళై అమీర్‌పేట వచ్చాక మా ఆయన ఫోటో స్టూడియోనే నాకు రెండో బడి. కోచింగుకు వచ్చిన పిల్లలు పాస్‌పోర్టు ఫోటోల కోసం పొద్దస్తమానం వచ్చేవాళ్ళు. మా ఆయన లోపల ఫోటోలు కడుగుతుంటే బయట నేనే తీసేదాన్ని. ఆ రీలు కెమెరాలో కన్ను పెడితే నడిమధ్యన ఒక గుండ్రం కనిపించేది. అందులో మనిషి అడ్డంగా రెండు ముక్కలై ఉండేవాడు. పై ముక్క ఒక పక్కకి, కింది ముక్క ఇంకో పక్కకి జరిగిపోయి. లెన్సు మెల్లగా తిప్పుతుంటే రెండూ ఒకదాని దగ్గరికొకటి వచ్చి అతుక్కునేవి. అతుక్కోగానే నొక్కాలి. విద్యంతా అదే.

ఆ విద్యతో మా ఇంటి పెళ్ళిళ్ళలో పుస్తె కట్టే ఫోటో నాదైంది. కూలికి వచ్చిన కెమెరావాళ్ళు ఎంతమంది ఉన్నా, ఆ ఒక్క క్షణానికి అందరూ పక్కకి జరిగి నాకు జాగా ఇచ్చేవాళ్ళు. మా మరిది పెళ్ళిలోనూ నేనే తీశాను. అంటే మా ఏరాలి మెడలో పుస్తె పడుతున్న ఫోటో నా చేతిదే. వంచిన తల, నుదుటి మీద బాసికం, దాని కింద నుంచి పైకి లేచిన కళ్ళు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పని పడుతుంది.

ఆ పిల్ల డిగ్రీ చదివి వచ్చింది. మొదట స్టూడియోలో కంప్యూటరు ముందు కూర్చుంది. తర్వాత పుట్టినరోజులకు వెళ్ళి ఫోటోలు తీసింది. తర్వాత కొత్త కెమెరా కొనుక్కుంది. ఏం కెమెరా అనుకున్నారు! మనిషి మొహం కనిపిస్తే చాలు, తెరలో కంటి చుట్టూ పచ్చ గీతల చిన్న డబ్బా వచ్చి కూర్చుంటుంది. మనిషి కదిలితే డబ్బా కూడా కుక్కపిల్లలా వెంట పోతుంది. ఇక తిప్పేదేముంది, అతికేదేముంది.

అప్పటికి మేమూ రీలు వదిలేశాం. మా ఆయన ఎవరో వాడిన డిజిటల్ కెమెరా ఒకటి తెచ్చి, నా పాత యాభై ఎం.ఎం. లెన్సును ఒక రింగుతో దానికి తగిలించాడు. లెన్సు నాదే, చేత్తో తిప్పేదే. కానీ అందులో నా గుండ్రం లేదు. చూస్తే అంతా వెలుగు, అంతా బాగున్నట్టే ఉంటుంది. ఇంటికి వచ్చి కంప్యూటరులో పెద్దది చేస్తే చెవి స్పష్టంగా ఉంటుంది, కన్ను మబ్బుగా ఉంటుంది. నాకు కళ్ళజోడు వచ్చిన రోజులు కూడా అవే.

ఒక తొట్టెల వేడుకలో ఇద్దరం ఫోటోలు తీశాం. మా అత్తమ్మ ఫోను పట్టుకుని వచ్చినవాళ్ళందరికీ చూపించింది.

"మా చిన్నకోడలు తీసింది. సూడున్రి, పోరని కండ్ల రెప్పలు లెక్కవెట్టొచ్చు."

"మరి పెద్దకోడలు తియ్యలేదా?"

"అది సుత తీసింది, పాపం."

ఆ 'పాపం' పచ్చిమిరపకాయ కొరికినట్టు ఇప్పటికీ మండుతుంది. మా ఏరాలు గొప్పలు పోయే మనిషైతే నాకు హాయిగా ఉండేది, నలుగురిలో నాలుగు మాటలు అనేదాన్ని. అది గొప్పలు పోదు. "అక్కా, నీ ఫోటోల వెలుగు మంచిగొచ్చింది" అంటుంది. అలాంటి మనిషి మీద ఏడవడం ఎంత కష్టమో ఏడ్చినవాళ్ళకే తెలుసు.

ఇంతలో మా ఆడబిడ్డ కూతురి పెళ్ళి కుదిరింది. ఆడబిడ్డ మా ఇద్దరికంటే పెద్దది, ఎస్.ఆర్. నగర్‌లో ఉంటుంది. మాట తూటాలా పేలుతుంది. బొట్టు పెట్టి పిలవడానికి వచ్చి, చాయ్ తాగుతూ పనులు పంచింది.

"పుస్తె ఫోటో చిన్నమరదలు తీస్తది. పెద్దదానా, నువ్వు వచ్చెటోళ్ళను తియ్యి. నీ కండ్లకు సుత కష్టం గదా."

మా ఏరాలు తల దించుకుంది. "వదినె, గది ఎప్పుడు అక్కనే తీస్తది గదా..."

"ఎప్పటి కథ ఎప్పటికీ ఉంటదానే?"

నేను వంటింట్లోకి వెళ్ళి కడిగిన బియ్యమే మళ్ళీ కడిగాను. ఆ పుస్తె ఫోటో పోతే ఆ ఇంట్లో నాకు ఇంకేం మిగులుతుంది? చదువా, మాటా, రంగా? ఆ ఒక్క క్షణానికి అందరూ జరిగి ఇచ్చే జాగా, అదొక్కటే నాది.

మా ఆయన వెనకే వచ్చాడు. "కెమెరాల గుండ్రం ఉంటే నువ్వు ఇప్పటికీ తీస్తవ్. పెట్టిద్దాం తియ్."

"గుండ్రం సుత పెడ్తరా?"

"పంజాగుట్టల మన భాయ్ ఉన్నడు గదా. పో, అడుగు."

షేరింగ్ ఆటోలో వెళ్ళాను. భాయ్ దుకాణం ఒక పాత కాంప్లెక్సులో మెట్ల పక్కన. రీలు కాలం నుంచి మా కెమెరాలన్నీ బాగుచేసేది అతనే. నా కెమెరా లెన్సు విప్పి లోపల చూపించాడు. కింద ఏటవాలుగా అద్దం, దాని పైన స్టాంపంత పలచని బిళ్ళ.

"నువ్వు సూశే బొమ్మ గీ బిళ్ళ మీదనే పడ్తదక్కా. దీన్ని ఫోకసింగ్ స్క్రీన్ అంటరు. కంపెనీ బిళ్ళ మస్తు వెలుగుంటది, గని అబద్ధమాడ్తది. అన్నీ మంచిగున్నట్టే సూపిస్తది."

"మా అత్తమ్మ లెక్క."

"అరె, ఏలు వెట్టకు! ఏలు తగిల్తే మచ్చ, తుడిస్తే గీత."

పట్టకారులాంటి సన్నటి చిమటాతో ఆ బిళ్ళను తీసి, నా ముందు మూడు కొత్త బిళ్ళలు పెట్టాడు. ఒక్కొక్కటీ ఎక్కించి చూడమన్నాడు. మొదటిదానిలో నా పాత గుండ్రమే, నడుమ అడ్డగీతతో. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కిటికీ ఊచల వైపు తిప్పితే ఊచలు తెగాయి, అతికాయి. అదే గుండ్రంతో అల్మారా అరను చూస్తే తెగనూ లేదు, అతకనూ లేదు.

"గంతే అక్కా. గీత అడ్డం ఉంటే నిలువుగున్నదాన్నే పట్టుకుంటది."

నేను ఆలోచనలో పడ్డాను. తల వంచిన పెళ్ళికూతురిలో నిలువుగా ఉండేది ఏముంది? మెరుస్తూ కనిపించేది బాసికమే, దాని దారం నుదుటి మీద అడ్డంగా పోతుంది. రెండో బిళ్ళలో గీత ఏటవాలుగా ఉంది. అది అడ్డమైనా నిలువైనా దేన్నయినా పట్టుకుంటుందన్నాడు. మూడోదానిలో గుండ్రమూ లేదు, గీతా లేదు. ఉత్త గరుకు బిళ్ళ, కొంచెం చీకటి కూడా.

"నన్నడిగితే గీ సాదాది తీస్కో. గుండ్రం నడుమ ఏముంటే గదే సూపిస్తది. సాదాది మూలమూలకు నిజం జెప్తది."

"ఏం లేనిదాన్ని వెట్టుకొని నేనేం జెయ్యాలె భాయ్?"

అసలు మాట అది కాదు. ఇంటికి వెళ్ళాక మా ఏరాలికి చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి. దానికి పచ్చ డబ్బా ఉంటే నాకు గుండ్రమైనా ఉండొద్దూ? ఏటవాలు గీతదే పెట్టమన్నాను. అతను ఒక స్కేలును వాలుగా నిలబెట్టి, ఫోటో తీసి, మళ్ళీ విప్పి, బిళ్ళ అంచున పొరలాంటి ముక్క ఒకటి దూర్చాడు. బిళ్ళ వెంట్రుకవాసి పైకో కిందికో ఉంటే కంటికి ఒకటి, ఫోటోకి ఒకటి కనిపిస్తుందట.

బయలుదేరబోతుంటే ఒక భయం పట్టుకుంది. "భాయ్, మా ఏరాలి కెమెరాకు సుత గీ బిళ్ళ పెడ్తరా?"

"కొత్తదేనా? దాంట్ల అద్దమే ఉండదక్కా. బిళ్ళకు జాగనే లేదు. లోపల చిన్న టీవీ ఉంటది, గంతే."

ఆ మాటను కొంగున ముడేసుకుని ఇంటికి వచ్చాను.

ఇప్పుడు గుండ్రాన్ని పరీక్షించాలి కదా. పెట్టెలోంచి మా పెళ్ళినాటి బాసికం తీసి మా ఆయన బట్టతలకు కట్టాను. ఆయన పీట మీద తల వంచుకుని కూర్చున్నాడు.

"పెండ్లికూతురు ఏది? ఎవరన్నా కొత్తదాన్ని తెస్తున్నవా?"

"సప్పుడు జెయ్యకు, కదుల్తున్నవ్."

అప్పుడే వచ్చిన మా ఏరాలు నవ్వలేక గోడ పట్టుకుంది. "బావా, నీకు బాసికం జారుతుంది. నేను కూసుంట అక్కా" అని తానే కట్టించుకుని కూర్చుంది. బాసికం దారం గుండ్రంలో తెగింది, తిప్పితే అతికింది. నొక్కాను. మనసు చల్లబడింది.

కంప్యూటరులో ఫోటోని మా ఏరాలే పెద్దది చేసింది. బాసికం మీద ముత్యాలు ఏరుకునేటట్టు ఉన్నాయి.

"అక్కా, బాసికం మస్తు వచ్చింది."

తర్వాత ఫోటోని కిందికి జరిపింది. కళ్ళ దగ్గర ఆగింది. ఆ కళ్ళు ఆవిరి పట్టిన అద్దంలో ఉన్నట్టున్నాయి.

"బాసికం జర ముంగటికి ఉంటది గదక్కా. కండ్లు లోపలికి..."

"నాకు తెల్వదా?"

నాకు తెలియదు. ఫ్లాషు లేక, వెలుగు కోసం లెన్సు లోపలి రంధ్రం పూర్తిగా తెరిచినప్పుడు బాసికానికి, కంటికి మధ్య దూరం కూడా దూరమేనని అప్పటిదాకా తట్టలేదు. పాస్‌పోర్టు ఫోటోకి ఎవరు బాసికం కట్టుకుని వస్తారు చెప్పండి. మా మరిది పెళ్ళినాడు దిట్టమైన ఫ్లాషు ఉండేది, లెన్సు సగం మూసి తీసేదాన్ని, ముందున్నవీ వెనకున్నవీ అన్నీ తేటగా వచ్చేవి. ఈ పిల్లకి అంతా ఒక్క చూపులో తెలిసిపోయింది.

మర్నాడే పంజాగుట్ట. భాయ్ నన్ను చూడగానే నవ్వాడు.

"జెప్తే విన్నవా?"

"జర నోరు మూస్కొని సాదాది వెట్టు."

సాదా బిళ్ళ మొదట నన్ను ఏడిపించింది. పట్టుకోవడానికి గుండ్రం లేదు, గీత లేదు. స్టూడియోకి వచ్చిన పిల్లలను కూర్చోబెట్టి తిప్పాను, తిప్పాను. కొన్నాళ్ళకి ఒకటి తెలిసింది. ముందు ముక్కు తేటగా వస్తుంది, తర్వాత కనుబొమ్మ, ఆ తర్వాత, మంచులోంచి మనిషి నడిచి వచ్చినట్టు, రెప్పవెంట్రుకలు వస్తాయి. వచ్చినప్పుడు ఎవరూ చెప్పక్కర్లేదు, చేయే ఆగిపోతుంది. అప్పుడు కన్ను ఫోటోలో ఎక్కడ ఉన్నా పట్టుకోగలను, నడిమధ్యకు తేనక్కర్లేదు.

పెళ్ళినాడు ఆడబిడ్డ చెప్పినట్టే గుమ్మం దగ్గర నిలబడి వచ్చినవాళ్ళను తీశాను. పన్నీరు బుడ్డి పట్టుకున్నవాళ్ళను తీశాను. బాజాలు గట్టిగా మోగడం మొదలయ్యేసరికి కాళ్ళు ఆగలేదు. మంటపం దగ్గరికి వెళ్ళేసరికి ఎదురుగా మా ఏరాలు ఉంది, చుట్టూ గోడ కట్టినట్టు జనం. అది నన్ను చూసింది. చూసి, మోచేతితో పక్కవాళ్ళను నెట్టి, తాను ఒక పక్కకి ఒదిగింది.

"రా అక్కా."

ఆ జాగా నాది. అది ఇస్తే తీసుకోవాల్సి వచ్చింది. మంట ఇంకా పెరిగింది. కానీ కళ్ళజోడు పైకి నెట్టి కన్ను పెట్టాను. అబ్బాయి చేతులు మెడ వెనక్కి వెళ్ళాయి. ముక్కుపుడక వచ్చింది, పోయింది. బాసికం వచ్చింది, దాన్ని దాటించాను. రెప్పలు వచ్చాయి. అప్పుడే పెళ్ళికూతురు కళ్ళెత్తింది. నొక్కాను.

మరుసటి వారం ఆడబిడ్డ ఇంట్లో అందరం కూర్చుని ఫోటోలు చూశాం. మా ఏరాలిది వచ్చింది. పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు, అయ్యగారు, అక్షింతలు, అన్నీ కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. అందరూ "అబ్బ" అన్నారు. తర్వాత నాది. పెళ్ళికూతురి కళ్ళు మాత్రమే ఉన్నాయి. తడిగా, భయంగా, లోపల దీపం వెలుగుతో. మిగతా లోకమంతా కరిగిపోయింది.

అందరూ ముందుకు వంగారు. ఇక గోడకి ఎక్కేది నాదేననుకున్నాను.

"పెండ్లికొడుకు ఏడే?" అంది ఆడబిడ్డ.

"గక్కడ ఉన్నడు గదా వదినె, ఎనకాల," అన్నాను.

"ఎనకాల ఉన్నడా? పొగ లెక్క ఉన్నడు! వియ్యంకులు సూస్తే, మా పిలగాడు ఏడని నన్ను తంతరు."

ఇల్లంతా నవ్వింది. గోడకి మా ఏరాలి ఫోటోనే ఎక్కింది. ఎస్.ఆర్. నగర్ వెళ్ళినప్పుడల్లా చూస్తుంటాను. దాని మూలన, మంటపానికి పూలు కట్టినవాడి సగం తల ఉంది. ఎవరికీ కనిపించదు, నాకు మాత్రం మొట్టమొదట అదే కనిపిస్తుంది. ఆ రోజు పెళ్ళికూతురు మాత్రం వంటింట్లోకి వచ్చి, "అత్తా, నీది నాకు పంపు, మా అమ్మకు జెప్పకు" అంది. పంపాను. అది సగం గెలుపు. సగం గెలుపుతో కడుపు నిండదు కదా.

నిండింది ఎప్పుడంటే, అదే సాయంత్రం ఇంటికి వచ్చాక. మా ఏరాలు నా ఫోటోని చాలాసేపు చూసింది. "నా పెండ్లి ఫోటో లెక్కనే ఉందక్కా" అని, "జర నీ కెమెరా ఇయ్యవా" అని అడిగింది. కన్ను పెట్టి, లెన్సు తిప్పి, బాల్కనీలో తులసి కుండీని చూసింది. ఎంతసేపటికో కానీ కెమెరా దించలేదు. దించాక దాని మొహం చూశాను. ఆ మొహం నేను ఎరుగుదును, ఇన్నాళ్ళూ నా అద్దంలో ఉన్నదే.

"గిట్ల వస్తదా అక్కా, ఏలితోని గుంజినట్టు? గా బిళ్ళ నాకు సుత పెట్టిస్తవా?"

కొంగున వేసుకున్న ముడి అప్పుడు విప్పాను. ఎంత మెత్తగా చెప్పాననుకున్నారు!

"పెట్టిద్దును చెల్లె. గని నీ దాంట్ల జాగనే లేదు."

ఆ పూట పప్పుచారుతో రెండోసారి కూడా అన్నం వడ్డించుకున్నాను.

సరే, లేవండి, చీకటి పడకముందే ఇళ్ళకు చేరండి. మీ ఇంట్లో శుభకార్యాలు వరసగా రావాలి. ప్రతి ఫోటోలో మీవాళ్ళ కళ్ళు తెరుచుకునే ఉండాలి, పెళ్ళికొడుకు పొగలా కాకుండా నిండుగా నిలబడాలి. మీ గోడ మీద ఎవరి చేతి ఫోటో ఉన్నా, దాని కింద నవ్వులు ఆగకుండా, మీ ఇల్లు పదిమందితో కళకళలాడుతూ ఉండాలి.